బహుమానము ఇచ్చిన తరువాత ఇవ్వవలసినది



పండుగ దినములు సమీపించినప్పుడు మన కుటుంబములలో ఒక ప్రశ్న తప్పక వచ్చును. ఊరిలో ఉన్న అమ్మకు, నాయనకు, అవ్వకు, తాతకు ఈసారి ఏమి కొనవలెను? వెనుకటి దినములలో దీనికి జవాబు సులభముగా దొరికెడిది. చీర, పంచె, దుప్పటి, స్వెట్టరు, కొంచెము చేతిలో డబ్బు ఉన్నవారైతే ఒక గోడ గడియారము. కొన్ని సంవత్సరములుగా ఈ వరుసలో ఒక కొత్త వస్తువు చేరినది. అది టీవీ వెనుక తగిలించు చిన్న స్టిక్కు, లేక టీవీ ప్రక్కన పెట్టు చిన్న పెట్టె. ఇంటర్నెట్ ద్వారా సినిమాలను, పాటలను, వార్తలను, ప్రసంగములను టీవీ తెరమీదికి తెచ్చునది ఇదే.

వీటిలో ఏ కంపెనీది మంచిదని చాలామంది అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు దుకాణదారుడు జవాబు చెప్పగలడు. మనము ఆలోచించవలసిన ప్రశ్న దానికంటె కొంచెము కష్టమైనది. ఇటువంటి వస్తువును పెద్దవారి చేతికి ఇచ్చినప్పుడు మనము నిజముగా ఏమి ఇచ్చుచున్నాము? ఇచ్చుట అనునది ఎప్పుడు పూర్తియగును?

గనులు మూతపడిన తరువాత

ఈ ప్రశ్నను కోలారు బంగారు గనుల ప్రాంతములో పెట్టి చూచినయెడల దాని బరువు బాగుగా తెలియును. 1880వ దశకము నుండి జాన్ టేలర్ కంపెనీ వారు ఇక్కడ గనులు నడిపిరి. తెలుగు జిల్లాల నుండియు, తమిళ జిల్లాల నుండియు వేలాది కుటుంబములు పని కొరకు వచ్చి చాంపియన్ రీఫ్స్, ఊరుగాం, మారికుప్పం, ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేటలలో స్థిరపడినవి. 1956లో గనులు మైసూరు ప్రభుత్వము చేతికి, 1962లో కేంద్ర ప్రభుత్వము చేతికి వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడెను. నూరు సంవత్సరములకు పైగా సైరన్ కూతను బట్టి నడచిన ఊరు ఆ దినము నుండి రైలు వేళలను బట్టి నడచుట నేర్చుకొనెను.

మారికుప్పం నుండి బంగారుపేట మీదుగా బెంగుళూరుకు రైలు మార్గము కలదు. తెల్లవారకముందే లేచి టిఫిన్ డబ్బా పట్టుకొని రైలెక్కి, రాత్రి ఇల్లు చేరు యౌవనస్థులు ఈ ప్రాంతములో వేలమంది కలరు. మరికొందరు బెంగుళూరులోనే అద్దె ఇల్లు తీసుకొనిరి. మరికొందరు గల్ఫ్ దేశములకు, ఇంకను దూర దేశములకు వెళ్లిరి. ఇంటిలో మిగిలినవారు ఎవరు? గని పనిలో యౌవనము గడిపి, దగ్గుతోను మోకాళ్ల నొప్పితోను ఉన్న తాత. పొద్దున పొయ్యి ఆరిపోయిన తరువాత సాయంత్రము వరకు మాటలాడుటకు మనిషి లేని అవ్వ. ఆ స్టిక్కు చేరునది అటువంటి ఇంటికి.

ఇచ్చు బిడ్డకు ప్రేమ లేదని ఎవరును అనలేరు. తాను రాలేని దినమంతయు అమ్మకు పొద్దుపోవుటకు ఏదైనను ఉండవలెనని తలంచియే అతడు కొనుచున్నాడు. అయితే ప్రేమతో ఇచ్చినది మేలుగా చేరుటకు ప్రేమ ఒక్కటియే చాలునా? మొదటి శతాబ్దములో రోమాలో జీవించిన సెనెకా అను తత్వవేత్త ఉపకారములను గూర్చి ఒక పెద్ద గ్రంథమే వ్రాసెను. ఉపకారము అనునది చేతికి అందిన వస్తువులో లేదు, ఇచ్చువాని మనస్సులో ఉన్నదని ఆయన బోధించెను. అయినను అదే గ్రంథములో ఆయన ఇచ్చువారిని హెచ్చరించెను. వృద్ధునికి వేటాయుధములను, పల్లెటూరి రైతునకు గ్రంథములను, చదువులో మునిగినవానికి వలలను పంపవద్దని ఆయన భావము. అనగా మంచి మనస్సు ఉన్నంత మాత్రాన చాలదు. ఎదుటి మనిషి ఎవరో, అతని దినము ఎట్లు గడచునో చూచుట కూడ ఇచ్చుటలో ఒక భాగమే.

తీగ వచ్చుట, వెలుగు వచ్చుట

కోలారు గనులవారికి ఈ సంగతి తమ చరిత్రలోనే కనబడును. 1902 జూన్ 30న కావేరి నది మీది శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలు లాగి ఈ గనులకు విద్యుత్తు తెచ్చిరి. బెంగుళూరు పట్టణపు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా పట్టణముకంటె ముందు గనులకే కరెంటు వచ్చినదని మనవారు గర్వముగా చెప్పుకొందురు. అయితే ఆ కరెంటు మొదట వచ్చినది యంత్రముల కొరకు. వెదురు తట్టిలతో కట్టిన కూలి లైన్లలోని ప్రతి గుడిసెలో అదే దినమున దీపము వెలుగలేదు. తీగ ఊరికి వచ్చుట ఒకటి, వెలుగు ఇంటిలోనికి వచ్చుట మరొకటి.

స్టిక్కు విషయము కూడ అంతే. 2013లో గూగుల్ వారు క్రోమ్‌కాస్ట్ అను చిన్న వస్తువును అమెరికాలో 35 డాలర్లకు అమ్మిరి. 2017లో అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్ మన దేశములో 3,999 రూపాయలకు వచ్చెను. దానికి ముందు సంవత్సరము జియో రాకతో ఇంటర్నెట్ ధర బాగుగా తగ్గియుండెను. కనుక వస్తువు అందరికి అందుబాటులోనికి వచ్చినది. కాని అది అవ్వ ఇంటిలో పనిచేయుటకు ఏమేమి కావలెను?

మొదటిది, ఆమె టీవీ వెనుక హెచ్.డి.ఎమ్.ఐ. అను రంధ్రము ఉండవలెను. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మాత్రమే పట్టు పాత లావు టీవీకి ఈ స్టిక్కు నేరుగా తగలదు. రెండవది, ఆగకుండ వచ్చు ఇంటర్నెట్ కావలెను. మంచి బొమ్మతో చూచుటకు సెకనుకు సుమారు 5 మెగాబిట్ల వేగము అవసరము. గంటకు సుమారు 3 జీబీల వరకు ఖర్చగును. దినమునకు ఒకటిన్నర, రెండు జీబీలు ఇచ్చు ఫోను రీచార్జితో ఒక సినిమా సగములోనే నిలిచిపోవును. మూడవది, ఒక ఖాతా, దానికి పాస్‌వర్డు. నాలుగవది, రిమోట్ మీది చిన్న గుర్తులను చదువు కన్ను, ఒత్తు వ్రేలు. ఇవి నాలుగును లేనిచో ఆ వస్తువు బీరువాలో చీరల క్రింద భద్రముగా ఉండును.

ఇక్కడ ఒక బాధ ఉన్నది. వాడుట రాలేదని అమ్మ కొడుకుతో చెప్పదు. ఇంత డబ్బు పోసి కొన్నాడు, రాలేదంటే నొచ్చుకొనునని ఆమె భయము. ఫోనులో అడిగినప్పుడు "బాగుంది నాయనా, చూస్తున్నాను" అనును. కొడుకు పండుగకు వచ్చి ధూళి పట్టిన డబ్బాను చూచి, నేను ఇచ్చినదానికి విలువలేదని తలంచును. ఇద్దరిలో ఎవరును తప్పుబుద్ధి గలవారు కారు. అయినను బహుమానము ఇద్దరి మధ్య ఒక అబద్ధమును పెట్టినది.

నెలనెల వచ్చు భారము

రాజుగారు ఒకనికి తెల్ల ఏనుగును బహుమానముగా ఇచ్చిన కథ మనకు తెలిసినదే. దానితో పని చేయించరాదు, అమ్మరాదు, మేపక తప్పదు. చీర ఒకసారి ఇచ్చిన తరువాత మరి ఏమియు అడుగదు. ఈ స్టిక్కు మాత్రము ఇంటర్నెట్ బిల్లు అడుగును. సినిమాల కంపెనీలకు నెలకో సంవత్సరమునకో చందా అడుగును. గని కార్మికుడు చిన్న పెన్షను మీద బ్రతుకుచున్న ఇంటిలో నెలకు కొన్ని వందల రూపాయలు చిన్న మాట కాదు. ఆ డబ్బు మందుల చీటీలో నుండి తీయవలసి వచ్చినచో, కొడుకు ఇచ్చినది బహుమానము కాదు, తండ్రి నెత్తిమీద పెట్టిన ఖర్చు.

పైగా ఈ వస్తువు ఆయుష్షు మన చేతిలో లేదు. 2024 ఆగస్టులో గూగుల్ వారు క్రోమ్‌కాస్ట్ తయారీని నిలుపుచున్నట్లు తెలిపిరి. 2025 మార్చిలో ఒక భద్రతా పత్రము గడువు తీరినందున రెండవ తరము క్రోమ్‌కాస్ట్‌లు లోకమంతట కొన్ని దినములు పనిచేయక నిలిచిపోయినవి. వస్తువు చెడలేదు, ఇంటివారు ఏ పొరపాటును చేయలేదు. దూరముననున్న కంపెనీ వారు సరిచేయువరకు వేచియుండవలసి వచ్చెను. ఇటువంటి దినమున అవ్వ "నేనే ఏదో నొక్కి చెడగొట్టితిని" అని తలంచి దానిని మరల ముట్టకపోవచ్చును. కాబట్టి ఇచ్చినవాడు దాని బాగోగులను కూడ చూచుకొందునని మాట ఇవ్వవలెను.

మన పెండ్లిండ్లలో చదివింపులు ఉన్నవి. ఎవరు ఎంత పెట్టిరో పుస్తకములో వ్రాసికొని, వారింటి కార్యమునకు అంతకు తగ్గకుండ తిరిగి పెట్టుదుము. ఫ్రాన్సు దేశపు పండితుడు మార్సెల్ మాస్ 1925లో ఇదే విషయమును విచారించి, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అను మూడు బాధ్యతలు అనేక సమాజములలో బహుమానముతో కలిసియున్నవని చూపెను. తల్లికి కొడుకు ఇచ్చినది ఏ పుస్తకములోను ఎక్కదు. అయినను ఆమె మనస్సులో ఒక లెక్క ఉండును. ఇంత ఇచ్చిన బిడ్డను ఇంకను ఏమి అడుగుదును, పండుగకు రమ్మని ఎట్లు అడుగుదును అని ఆమె నోరు మూసికొనును. ఇచ్చువాడు గ్రహించవలసిన అపాయము ఇదే. బహుమానము ఆమె అడుగు హక్కును తీసివేయరాదు.

అగ్గువకు దొరకు పెట్టె

బజారులో మరియొక రకపు పెట్టె కూడ దొరకును. పేరు లేని కంపెనీది. ఒకసారి డబ్బు కట్టితే అన్ని చానెళ్లు, అన్ని సినిమాలు ఊరకనే వచ్చునని అమ్మువారు చెప్పుదురు. చందా బాధ లేదు గనుక తల్లిదండ్రులకు ఇదే మేలని కొందరు అనుకొనుచున్నారు. అయితే అందులో వచ్చునది చాలవరకు ఇతరుల కష్టఫలమును అనుమతి లేకుండ తీసికొన్నది. దొంగిలించిన చీరను తల్లికి కట్టబెట్టుటకు మనలో ఎవరును ఒప్పుకొనరు. సినిమా కంటికి కనబడని సరకు గనుక మనస్సాక్షి ఊరకుండును. పైగా ఆమెకు తెలియకుండ ఆమెను ఆ పనిలో పాలివారిగా చేయుచున్నాము.

దీనిలో వేరొక ప్రమాదమును కూడ ఉన్నది. 2025 జూన్‌లో అమెరికాలోని ఎఫ్.బి.ఐ. వారు ఇటువంటి పెట్టెలను గూర్చి ప్రజలను హెచ్చరించిరి. వాటిలో కొన్నిటిలో హానికరమైన ప్రోగ్రాములు ముందుగానే చేర్చబడి యున్నవనియు, వాటి ద్వారా నేరస్థులు ఇంటి ఇంటర్నెట్‌లోనికి చొరబడుచున్నారనియు తెలిపిరి. బ్యాంకు సందేశములు వచ్చు ఫోను కూడ అదే వైఫైకి కలిసి యుండును గదా!

ఎవరు చూచుచున్నారు?

ఖాతా ఎవరి పేరున ఉండవలెను? సాధారణముగా కొడుకు తన ఖాతానే పెట్టి వెళ్లును. అది సులభమే. కాని అటువంటప్పుడు తండ్రి రాత్రి రెండు గంటలకు నిద్రపట్టక ఏమి చూచెనో, ఎంతసేపు చూచెనో కొడుకు ఫోనులో కనబడవచ్చును. కొడుకు చూచునది తండ్రి తెరమీద కనబడవచ్చును. తన ఇంటిలో తాను ఏమి చూచినను మరొకరికి లెక్క చెప్పనక్కరలేని స్వేచ్ఛ వృద్ధునికి కూడ ఉన్నది. కాబట్టి ఆయనకు వేరుగా ఒక ఖాతాను, కనీసము వేరొక ప్రొఫైలును పెట్టుట గౌరవము. అదే ఇంటిలో చిన్న పిల్లలు ఉన్నచో వారు చూడదగనివి తెరువకుండ, డబ్బు పెట్టి ఏదియు కొనకుండ పిన్ నంబరు పెట్టుట కూడ అవసరము. పెద్దవారికి స్వేచ్ఛ, పిన్నవారికి కాపుదల. ఈ రెండింటిని కొనువాడే కూర్చొని ఏర్పాటు చేయవలెను.

ఇంతమాత్రాన వద్దనవలెనా?

ఇంతవరకు చదివినవారు, అయితే ఇటువంటి బహుమానమే వద్దని చెప్పుచున్నారా అని అడుగవచ్చును. అట్లు కాదు. దీనివలన కలుగు మేలు నిజమైనదే.

కోలారు జిల్లాలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు అనేకము. వీధిలో కన్నడము, తమిళము, బడిలో ఇంగ్లీషు, ఇంటిలో మాత్రము తెలుగు. అవ్వకు కావలసిన పాత తెలుగు సినిమా, తాత యౌవనములో విన్న పాట, తెలుగు ప్రసంగము ఇప్పుడు అడిగిన గడియలో వచ్చును. 2020లో తెలుగు కార్యక్రమముల కొరకే ఆహా అను సంస్థ ప్రారంభమాయెను. అదే సంవత్సరము మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రైళ్లు నిలిచి, ఆలయములు మూయబడినప్పుడు, మంచము దిగలేని అనేకులు ఆరాధనను తెరమీదనే చూచిరి. వారికి అది చిన్న ఆదరణ కాదు.

మరియొక మేలు కూడ ఉన్నది. 1987, 88 సంవత్సరములలో ఆదివారము రామాయణము వచ్చు వేళ ఒక ఇంటి టీవీ ముందు వీధివారందరు చేరెడివారు. తరువాత ఇంటికొక టీవీ వచ్చెను. ఇప్పుడు మనిషికొక ఫోను వచ్చి, ఒకే గదిలో నలుగురు నాలుగు వైపులకు తిరిగి కూర్చొనుచున్నారు. ఫోను ఒక్కరిది, టీవీ ఇంటివారందరిది. ఫోనులో ఒంటరిగా చూచునదానిని గోడమీది తెరకు తెచ్చినచో నలుగురు కలిసి చూచి, నవ్వి, మధ్యలో మాటలాడుకొనుటకు వీలు కలుగును. ఈ విధముగా వాడినచో ఇది ఇంటిని కలుపు వస్తువు.

అట్లయినచో మేలుకును కీడుకును తేడా ఎక్కడ? వస్తువు ఇచ్చిన తరువాత ఇచ్చినవాడు ఏమి చేయుననుదానిలో ఉన్నదని నా మనవి. ఒకడు ఇది ఇచ్చి, ఇక అమ్మకు పొద్దుపోవును గదా అని నెలకు రెండుసార్లు వచ్చువాడు ఒకసారికి తగ్గించుకొనును. మరొకడు ఇది ఇచ్చి, దానిని నేర్పుటకని ఒక ఆదివారము ఎక్కువగా వచ్చును. ఇద్దరు కొన్నది ఒకే దుకాణములో, ఒకే ధరకు. మొదటివాడు తనకు బదులుగా ఒక వస్తువును పంపెను. రెండవవాడు వస్తువును సాకుగా చేసికొని తానే వచ్చెను. కనుక కొనకముందు మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న ఇది: దీనిని ఇచ్చిన తరువాత నేను ఆ ఇంటి గడప తొక్కుట పెరుగునా, తగ్గునా?

తెల్లవారుజామున రైలెక్కి రాత్రి తొమ్మిదికి దిగువానికి సమయము ఎక్కడిదని మీరు అనవచ్చును. న్యాయమైన మాటయే. అలసిన మనిషి ఇచ్చిన వస్తువును తక్కువ చేయుట మన ఉద్దేశము కాదు. కాని నేర్పుటకు నెలల కాలము పట్టదు. అరగంట చొప్పున మూడు నాలుగు సార్లు కూర్చొన్న చాలును. టన్నులకొద్ది రాతిని పిండిచేసి, టన్నుకు కొద్ది గ్రాముల బంగారము తీసిన ఊరు ఇది. ఈ స్టిక్కులో వచ్చునది కూడ అటువంటి రాతిగుట్టయే. అందులో అవ్వకు పనికివచ్చునవి ఏ పది పదిహేనో. వాటిని వెదకి, మొదటి తెరమీదనే కనబడునట్లు పెట్టి, మిగిలిన గుర్తులను తీసివేయుట కొడుకో మనుమరాలో చేయవలసిన పని. అక్షరములను పెద్దవిగా చేయవలెను. ఒకటి ముగియగానే మరొకటి దానంతట అదే మొదలగు ఏర్పాటును ఆపవలెను. మాటతో అడుగు సదుపాయము ఉన్నచో, కన్నడము, తమిళము కలిసిన మన కోలారు తెలుగును అది ఎంతవరకు గ్రహించునో అవ్వచేతనే మాటలాడించి చూడవలెను. రిమోట్‌ను మన చేతిలో పట్టుకొని చూపుట నేర్పుట కాదు. ఆమె చేతికి ఇచ్చి, ఆమె తడబడుచున్నంతసేపు ఓపికతో ప్రక్కన కూర్చొనవలెను.

పుచ్చుకొనువారికి ఒక మాట

పుచ్చుకొనువారికి కూడ బాధ్యత ఉన్నది. "ఎందుకురా ఇదంతా" అని మన పెద్దలు ప్రతి బహుమానమునకు అందురు. వద్దని నిజముగా అనుచున్నారో, సంతోషముతో అనుచున్నారో బిడ్డలకు తెలియదు. పెద్దలారా, మీకు వద్దనుకొన్నచో ముందుగానే ప్రేమతో చెప్పుడి. కాలికి మంచి చెప్పులు కావలెననో, కంటి పరీక్షకు తోడు రమ్మనో అడుగుటకు సిగ్గుపడవద్దు. పుచ్చుకొన్నచో, రాలేదని చెప్పుటకు వెనుకాడవద్దు. పన్నెండేండ్ల మనుమని దగ్గర నేర్చుకొనుట అవమానము కాదు. భూమి అడుగున మూడు కిలోమీటర్ల లోతునకు దిగి పనిచేసిన చేతులు రిమోట్ మీది నాలుగు గుర్తులను నేర్చుకొనలేవా?

కాబట్టి కొనకముందు అడుగుడి. టీవీ వెనుక చూడుడి. నెల ఖర్చును మీరే భరింతురని మాట ఇవ్వుడి. న్యాయముగా అమ్మబడు వస్తువునే తీసికొనుడి. ఇచ్చిన తరువాత మరల వెళ్లుడి.

మన సంఘములలోని యౌవనస్థులకు ఒక విన్నపము. క్రిస్మస్, నూతన సంవత్సరముల మధ్య వచ్చు వారములో మీకు కొంత తీరిక దొరకును. బిడ్డలు దూర దేశములలో ఉన్న తల్లిదండ్రుల ఇండ్లు మీ వీధిలో ఒకటో రెండో ఉండును. వారు పంపిన డబ్బా తెరువక అట్లే ఉన్నదేమో అడిగి చూడుడి. తెరచి, తగిలించి, నేర్పి, వారితో కలిసి ఒక పాత సినిమా చివరివరకు చూచి రండి.